ఆడించి చూపిన పిస్తోలు

హయాత్ బాషాకు చెయ్యి ఊరుకోదు. దావతుకు పోతే బిర్యానీ సంగతి పక్కనబెట్టి, వాళ్ల ఫ్యాను కిర్రుమంటోందని కుర్చీ ఎక్కేవాడు. సావింటికి పోతే గోడ గడియారం ఆగిపోయి ఉందని దించి వెనక మూత విప్పేవాడు. "ఏమయ్యా, ఆడ వాళ్లు గుండెలు బాదుకుంటాంటే నీకు గడియారం గొడవేందయ్యా?" అని పెండ్లాం సైదున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకోని పండ్లు కొరికేది. ఆయన తలెత్తకుండానే "అయిపొయ్యింది, అయిపొయ్యింది" అనేవాడు. ఊర్లో వాళ్లు దీన్ని పనితనమన్నారు. సైదున్నీసా జబ్బనింది. ఊరు ఒకదిక్కు, పెండ్లాం ఒకదిక్కు అయితే ఎవరి మాట నమ్మాల్నో పెండ్లయిన ప్రతివాడికీ తెలుసు.

వాళ్లది ప్రొద్దుటూరులో దూదేకులోళ్ల వీధి. జేజినాయన కాలంలో ఇంటింటికీ పోయి దూది ఏకి పరుపులు కుట్టిన వంశం. ఫోము పరుపులొచ్చి ఆ పని పడిపోయినాక నాయన కుట్టుమిషన్ల రిపేరుకు దిగినాడు. ఆ అంగడికి ఒక కట్టుబాటు ఉండె. బాగుకొచ్చిన మిషను బాగు కాకుండా గడప దాటకూడదు. దాటేముందు సొంతదారుని ముందర, గుడ్డ పీలిక పెట్టి ఒక వరస కుట్టి, ఆడించి చూపకుండా అసలే దాటకూడదు. ఆడించి చూపేటప్పుడు ఆ టైలరు మొగంలో ఒక వెలుగు వస్తుంది చూడండి, నాయనకు కూలి కంటే అదే ఎక్కువ. కొడుకుకూ అదే అబ్బింది. మంచి బుద్ధులు పిల్లలకు అబ్బితే సంతోషపడతాం గానీ, ఏ బుద్ధి యాడ కొంప ముంచుతుందో ఎవరికి తెలుసు!

రెడీమేడు బట్టలొచ్చి టైలర్లు ఒక్కొక్కరే మిషన్లు అమ్ముకున్నారు. అంగడి మూతపడింది. 2002లో హయాత్ బాషా దుబాయ్ పోయినాడు. దుబాయ్ అంటే మనోళ్ల నోటికి దుబాయే గానీ, ఆయన పోయింది షార్జా అవతల సజ్జా. అల్యూమినియం ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ వెనకనే క్యాంపు. ఆడ ఆయనకు ఇంకో చిక్కు వచ్చిపడింది. దూదేకులోళ్ల ఇండ్లల్లో మాట్లాడేది తెలుగు. నమాజు అరబ్బీలో, కాపరం తెలుగులో. ఉర్దూ అంతంతమాత్రం. హైదరాబాదోళ్లు నవ్వేవాళ్లు, "ఏం ముసల్మానువయ్యా, ఆకలైతే కూడా తెలుగులోనే అయితదా?" అని. ఆయన కూడా నవ్వేవాడు. నవ్వక ఏంజేస్తాడు.

రెండేండ్లకు ఒక కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే యజమాని, దొరికినాడు. ఒబైద్ అని, అక్కడి మనిషే, యాభై దాటినోడు. ఆయనకు సజ్జాలోనే ఒక వర్క్‌షాపు ఉండె. లేతు మిషను, వెల్డింగు, బోరు పంపుల రిపేరు. పనోళ్లతో కలిసి నేల మీద కూర్చోని ఒకే పళ్లెంలో తినే మనిషి. హయాత్ బాషా పని చూసి ముచ్చటపడి, పాతికేండ్ల నాటి, మూలబడిన జనరేటర్ను ఆయన చేతికిచ్చి, అది గుర్రుమని లేచేసరికి "యా సలాం!" అని భుజం చరిచినాడు. ఆ చరుపుకు హయాత్ బాషా నెల్లాళ్లు పొంగిపోయినాడు. ఒక మంచిమాటకు మురిసి గొడ్డుచాకిరీ చేసే రకం ఉంటారు చూడండి, ఆ రకం.

ఇంగ ఆయన కడుపులో బాధ చెప్పాల. పెండ్లయి పన్నెండేండ్లు దాటింది, పిల్లల్లేరు. దుబాయ్‌కి పోకముందు డాక్టర్ల చుట్టూ తిరిగితే ఇద్దరికీ ఏ లోపమూ లేదు, ఓపిక పట్టండన్నారు. ఓపిక పడితే సరిపోతుందా, పక్కన ఉండద్దూ? రెండేండ్లకొకసారి సెలవు. పోయిన సెలవులో సగం రోజులు చుట్టాలే మింగినారు. సైదున్నీసాకు ముప్పై అయిదు నడుస్తా ఉండె. వీధిలో ఆడోళ్లు నోటికొచ్చింది అనేవాళ్లు. ఫోన్లో ఆమె ఎప్పుడూ ఏడవదు. "ఏమయ్యా, బిడ్డను కూడా దుబాయ్ నుంచి పార్సలు పంపుతావా ఏంది?" అని ఎగతాళి చేసేది. ఆ ఎగతాళి విన్న రోజు ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఒకరోజు తింటా తింటా ఈ సంగతి ఒబైద్ దగ్గర బయటపడింది. ఒబైద్ చెయ్యి కడుక్కోని, "పిలిపించు. వీసా నేనిస్తా. మాఫీ ముష్కిల్, ఏం ఇబ్బంది లేదు" అన్నాడు. అంతే! రెండు నెల్ల విజిట్ వీసా. షార్జా పక్కన అజ్మాన్‌లో మౌలా సాహెబ్ అని నెల్లూరాయన, ట్యాక్సీ నడుపుతాడు, పెండ్లాం ఫాతిమున్నీసాతో కాపరం ఉంటాడు. వాళ్ల ఇంటి వెనక గది ఖాళీగా ఉంటే హయాత్ బాషా బాడుగకు తీసుకున్నాడు. శుక్రవారం శుక్రవారం పోయి గోడలకు సున్నం, కిటికీకి తెర, కారే కొళాయికి కొత్త వాషరు. "కాపరానికొచ్చేది పెండ్లామా, పెండ్లికూతురా అబ్బయా?" అని మౌలా సాహెబ్ ఆటపట్టించినాడు. ఆయన సిగ్గుపడి ఇంకో మేకు కొట్టినాడు.

రెండు నెల్లు పక్కపక్కన. ఆయన కోరుకున్నది అంతే. దేవుడు దీనికేం తక్కువ చేస్తాడులే అనుకున్నాడు.

ఒబైద్‌కు ఒక పిచ్చి ఉండె. పాత పిస్తోళ్లు. వాళ్ల నాయన కాలంలో ఎడారిలో తిరిగే ప్రతి మొగోడి నడుముకూ ఒకటి వేలాడేదంట. ఇప్పుడు చట్టం గట్టిది. పేలే ఆయుధం ఇంట్లో ఉండాలంటే లైసెన్సు కావాల, ఆ లైసెన్సు మనిషితోనే పోతుంది. తండ్రి సచ్చిపోతే కొడుకు దాన్ని ఠాణాలో ఇచ్చెయ్యాల, లేదంటే మళ్లీ పేలకుండా చేయించి, వాళ్లకు చూపించి, ఊ అనిపించుకోని గోడకు తగిలించుకోవాల. ఇదంతా ఒబైద్ చెప్పిందే, హయాత్ బాషాకు తెలిసిన చట్టమంతా అదే. పాత బజార్లలో, కొండల కాడి ఊర్లలో, ముసలోళ్లు పోయిన ఇండ్లల్లో ఒబైద్ వాటిని వెతికి కొనేవాడు. "పేలకపోతే ఏం, మా నాయన మొగం కనిపిస్తుంది దాంట్లో" అనేవాడు. అంతకుముందు కొన్నవన్నీ లోపల డొల్లగా, వేరేచోట ముందే పేలకుండా చేసేసినవే వచ్చినాయి. వాటికి హయాత్ బాషా తుప్పు తుడిచి, కట్టె పలక మీద బిగించి ఇచ్చేవాడు. ఆ పలకలు చూసి ఒబైద్ ఇంటికొచ్చిన వాళ్లంతా ఎవరు చేసినారని అడిగేవాళ్లంట.

2007 మొదట్లో, చలి పోకముందే, ఒబైద్ ఒక రివాల్వరు తెచ్చినాడు. నల్లగా తుప్పుపట్టి, ట్రిగ్గరు కదలదు, తూటాల చక్రం తిరగదు, అంతా ఒకే ముద్ద. ముసలాయన ఒకడు సచ్చిపోతే ఆయన కొడుకుల దగ్గర కొన్నాడు. ఠాణాలో ముందే చెప్పినాడు, బిగుసుకుపోయింది, గొట్టం కూడా మూయించి తెచ్చి చూపిస్తానని. "హయాత్, గొట్టం మూసెయ్. తుప్పు తుడువు. ఖలాస్" అన్నాడు.

హయాత్ బాషా గొట్టంలో ఉక్కు కడ్డీ దిగ్గొట్టి వెల్డింగు చేసినాడు. చీమ దూరదు. ఇంగ తుప్పు తుడవాల. తుడవాలంటే విప్పాల. విప్పినాడా, ఇంగ చూడండి! లోపల అన్నీ ఉండాయి. చిన్న చిన్న పలకలు, కొక్కేలు, ఒక స్ప్రింగు విరిగి, మిగతావి ఎండిన నూనెలో మునిగి. ఆయనకు ఒళ్లు ఝల్లుమంది. ఐదేండ్లుగా ఫ్యాక్టరీ, బోరు పంపులు, జనరేటర్లు, చేతులు మొద్దుబారే పనులు. ఇది చూస్తే నాయన అంగడి గుర్తొచ్చింది. అదే నాజూకు, అదే చేతిమెత్తన. గొట్టం మూసేసినాం కదా, ఇంగ ఇది పేలేదా పాడా, కదిలితే ఏమవుతుంది? తప్పనే మాట ఆయనకు తట్టనే లేదు. సచ్చిన గడియారానికి కూడా ముండ్లు తిరగాలనుకునే మనిషి మరి! మూడు మధ్యాహ్నాలు, అన్నం తినే టైములో కూర్చోని దాన్ని ఆడే మాదిరి చేసినాడు.

ఒబైద్ వచ్చినప్పుడు అరచేతిలో పెట్టుకోని ట్రిగ్గరు నొక్కి చూపించినాడు. టక్! చక్రం నున్నగా ఒక గడి తిరిగి ఆగింది. ఒబైద్ మొగంలో వెలుగు చూడాల. చిన్న పిల్లోడి మాదిరి లాక్కోని తానూ నొక్కినాడు, మళ్లీ నొక్కినాడు. "యా హయాత్, ఇది మా నాయన దానికి తమ్ముడబ్బా!" అన్నట్టు ఏదో అన్నాడు. ఆయనకైనా తట్టద్దూ? యాభై ఏండ్లుగా ఆ దేశంలో ఉండే మనిషికి, ఆ చట్టం తెలిసిన మనిషికి? తట్టలా. సంతోషంలో ఇద్దరికీ ఒకేసారి బుద్ధి మందగించింది.

సైదున్నీసా ఆ శుక్రవారం వస్తుంది. అంతకు అయిదు రోజుల ముందు, ఆదివారం, ఒబైద్ దాన్ని ఠాణాకు తీసుకుపోతా, "నువ్వు కూడా రా, గొట్టంలో ఏం పెట్టినావని అడిగితే చెప్తువు" అన్నాడు. హయాత్ బాషా ఉతికిన చొక్కా తొడుక్కోని పోయినాడు.

ఆఫీసరు కుర్రవాడు, మెత్తగా మాట్లాడతాడు. గొట్టం చూసినాడు, కడ్డీ గీకి చూసినాడు, బాగుందన్నట్టు తలూపినాడు. ముద్ర వేసేదానికి చెయ్యి కూడా చాపినాడు. అప్పుడు, అయ్యో, అప్పుడు నోరు మూసుకోని నిలబడి ఉంటే అయిపోయేది! సరుకు గడప దాటతా ఉంది, సొంతదారు ముందరే ఉండాడు, పెద్ద ఆఫీసరు చూస్తా ఉండాడు. హయాత్ బాషా చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. "సాబ్, ఏక్ మినిట్" అని తీసుకోని, టక్కుమని ఆడించి చూపించినాడు.

ఆఫీసరు చెయ్యి ఆగింది. ఒబైద్ మొగం పాలిపోయింది. హయాత్ బాషా చూసుకోలా, ఆయన చూపు పిస్తోలు మీద ఉండె. ఆఫీసరు నవ్వుతానే "ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి ఆడించినాడు. పక్క గదిలోంచి హైదరాబాదాయన ఒకడిని పిలిపించినాడు, అరబ్బీని తెలుగులోకి, తెలుగును అరబ్బీలోకి మార్చి చెప్పేదానికి.

"ఇది ముందర ఇట్లనే తిరిగేదా అని అడుగుతుండ్రు."

"లేదన్నా. ఒకే ముద్ద. నేనే బాగు చేసినా" అన్నాడు హయాత్ బాషా, ఛాతీ పొంగించి.

"నీకెవరు చెప్పిండ్రు చెయ్యమని?"

"ఎవరు చెప్తారన్నా? చెడిపోయింది కదా!"

మాట నిజమే. ఎవరూ చెప్పలా. ఆ నిజమే ఆయన మెడకు చుట్టుకుంది. పనికిరాదని చెప్పిన ఆయుధాన్ని పనికొచ్చేటట్టు చేసినాడు. లైసెన్సు లేకుండా, చెప్పేవాడు లేకుండా, బయటి దేశం పనోడు. గొట్టం మూసింటే ఏం, గొట్టం ఇంకోటి తగిలించొచ్చు, ముఖ్యమైంది లోపలి పనే అని ఆఫీసరు అన్నాడంట. ఆయన కోపంగా కూడా అనలేదు, అదే విచిత్రం. ఒబైద్ అరబ్బీలో గబగబా ఏమేమో చెప్పినాడు, చేతులూపినాడు, బతిమాలతా ఆఫీసరు గడ్డం పట్టుకున్నాడు. తర్వాత కుర్చీలో కూలబడినాడు. హయాత్ బాషాకు అప్పటిగ్గానీ సంగతి తలకెక్కలా. పనోళ్లంతా యజమానిని పిలిచేటట్టే "అర్బాబ్?" అని పిలిచినాడు. ఒబైద్ తలెత్తలా.

సాయంత్రానికి లోపలేసినారు.

అడిగిందే అడిగినారు. తుపాకుల పని యాడ నేర్చుకున్నావు? కుట్టుమిషన్ల కాడ. కుట్టుమిషన్ల కాడ తుపాకులు నేర్పుతారా? హైదరాబాదాయన పాస్‌పోర్టు తిప్పి చూసి, "కడపోడివా?" అన్నాడు. "అవున్నా." "అట్ల చెప్పు! బాంబుల జిల్లానే కదా, నీకు తెల్వకేం!" అని కిసుక్కున నవ్వినాడు. హయాత్ బాషా ఒళ్లు మండిపోయింది. దీపావళికి పిల్లోళ్లు పటాకా కాలిస్తే చెవులు మూసుకునే మనిషి ఆయన! నాటుబాంబు ఎట్లుంటుందో సినిమాలో తప్ప చూసింది లేదు. "అన్నా, నీకు దండం పెడతా, ఆ మాట మాత్రం ఆయనకు చెప్పద్దు" అని తెలుగులో బతిమాలినాడు. చెప్పినాడో లేదో ఆ దేవుడికే తెలుసు. ఆఫీసరు మాత్రం ఏదో రాసుకున్నాడు. మన మాటను ఇంకొకడు మార్చి చెప్తా ఉంటే, మనం వాడి పెదాల వైపు చూస్తా కూర్చోవాల. ఏం చెప్పినాడో తెలీదు, ఏం వదిలేసినాడో తెలీదు.

బుధవారం మౌలా సాహెబ్ ట్యాక్సీ బయట పెట్టి లోపలికొచ్చినాడు. కడ్డీల అవతల నిలబడి గుసగుసగా, "ఏందబ్బయా ఇది, పిస్తోలు నీకెందుకు రా నాయనా?" అన్నాడు. తర్వాత అసలు మాట అడిగినాడు. "మీ ఆడమనిషిని ఆపేదా? ఇంకా ఊర్లోనే ఉండాది. ఇప్పుడు ఫోను కొడితే ఆగిపోద్ది."

హయాత్ బాషా ఆలోచన చేసినాడు. ఆ పొద్దున్నే ఒబైద్ కబురు పంపినాడు, తన చుట్టం పెద్ద ఉద్యోగంలో ఉండాడు, మాట్లాడతా ఉండా, రేపో మాపో వదుల్తారని. ఇప్పుడాపితే వీసా గడువు పోతుంది. మళ్లా ఎప్పుడిస్తారో. మళ్లా ఎప్పటికి ఆమె వస్తుందో. వయసేమన్నా ఆగుతుందా?

"వద్దులే మామా. ఆమెను రానీ. అప్పటికి నేనొచ్చేస్తా" అన్నాడు.

ఆ రేపూ రాలా, ఆ మాపూ రాలా. సైదున్నీసా మాత్రం వచ్చింది.

ఆమె వచ్చేసరికి ఆయన్ను, దేశం నుంచి పంపించేసేవాళ్లను ఉంచే జైలుకు మార్చినారు. ములాఖాత్ రోజున ఫాతిమున్నీసా ఆమెను వెంటబెట్టుకోని తెచ్చింది. మధ్యలో గాజు అడ్డం, రెండు పక్కలా ఫోన్లు, వెనక పది మంది అరుపులు. సైదున్నీసా పండక్కి కట్టుకునే ఆకుపచ్చ చీర కట్టుకోనుండె. ఫాతిమున్నీసా పెట్టిన మల్లెపూలు జడలో వాడి ఉండాయి. ఫోను తీసి చెవికి పెట్టుకోని, ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఏమయ్యా, ఇదేనా దుబాయ్?" అనింది. ఎగతాళే. మాట మధ్యలోనే కొంగు మొగానికి అడ్డం పెట్టుకుంది. పెండ్లయిన ఇన్నేండ్లలో ఆమె ఏడవడం హయాత్ బాషా చూసింది అదే. గాజుకు చెయ్యి ఆనిస్తే పోలీసాయన "ఖలాస్, ఖలాస్" అని అదిలించినాడు.

"అన్నం తింటాండావా?" అనింది.

"తింటాండా. నువ్వు?"

"అర్బాబ్ ఇంటినుంచి పంపుతాండారు. ఆయన వాళ్లమ్మ మంచాన పడిందంట పాపం. నేను పోయి కాళ్లు ఒత్తినా. నన్ను వదల్లేదు."

హయాత్ బాషా ఆ మాటకు అర్థమేందో ఆలోచించలా. ఆమె మొగం చూసుకుంటా కూర్చున్నాడు. ఏం మాట్లాడినా టైము పోతుందని భయం, మాట్లాడకపోయినా పోతుందని భయం. టైము పోయింది.

ఒబైద్ మంచోడని ముందే చెప్పినా. చెడ్డోడైతే ఈ కథ ఇంత దూరం పోయేది కాదు. ఆయన చుట్టాన్ని పట్టుకోని, వీళ్ల కాళ్లు వాళ్ల కాళ్లు పట్టుకోని, జైలు శిక్ష లేకుండా చేసినాడు. దేశం నుంచి పంపించేస్తారు, అంతవరకే. కానీ ఎప్పుడు? ఒకరు నెలన్నారు, ఒకరు మూడు నెల్లన్నారు. ఆ జైల్లో ఏడాదిగా టికెట్టు కోసం చూస్తా ఉండేవాళ్లు కూడా ఉండారని ఎవరో చెప్పినారు. అది విని ఒబైద్ సైదున్నీసా దగ్గరికి పోయినాడు, మౌలా సాహెబ్‌ను తోడు తీసుకోని. "నీ విజిట్ వీసా అయిపోతే నువ్వు పోవాల, అతనేమో ఈడ్నే ఉండిపోతాడు. మా అమ్మకు నువ్వు నచ్చినావు. నీ వీసా మా ఇంటి వీసాగా మార్పిస్తా. పని ఉంటుంది, వారం వారం వచ్చి అతన్ని చూసుకోవచ్చు" అన్నాడు. పాపం చేసినోడు పరిహారం చేసే మొగం పెట్టుకోని అన్నాడంట. ఆమెకు ఒకటే వినపడింది, వారం వారం చూసుకోవచ్చు అన్నది. పాస్‌పోర్టు తీసి చేతికిచ్చింది. యాడ వెయ్యమంటే ఆడ సంతకం వేసింది.

పది రోజులు తిరగకముందే ఒక మధ్యాహ్నం హయాత్ బాషా పేరు పిలిచినారు. యల్లా, యల్లా అని బస్సెక్కించినారు. విమానాశ్రయంలో ఒక మిషను ముందర నిలబెట్టి కంటి ఫోటో తీసినారు, ఇంగ పేరు మార్చుకోనొచ్చినా కన్ను పట్టిస్తుందన్నారు. ఆయన ఆ మిషను వైపు చూసినాడు. అదేమన్నా చెడిపోయిందేమోనని చూసినాడంటే నమ్ముతారా? చెడిపోలా, బాగానే ఉండె. "మా ఇంట్లో మనిషి ఈడుంది, ఒక్క ఫోను చేసుకుంటా" అని తెలుగులో, వచ్చీరాని హిందీలో, చేతులతో అడిగినాడు. విన్నవాళ్లకు అర్థమైంది కూడా. కానీ విమానానికి టైమైంది.

ప్రొద్దుటూరు బస్టాండులో దిగి నడుచుకుంటా వీధిలోకొచ్చేసరికి ఎదురింటి షహర్బాను వాకిట్లో చాట పెట్టుకోని ఉండె. చాట వదిలేసి లేచింది.

"ఓయబ్బో, హయాతూ! నువ్వేందప్పా ఈడ? సైదున్నీసా నీ దగ్గరికే కదా వచ్చె?"

"వచ్చిందక్కా."

"మరి యాడ?"

"ఆడ్నే ఉంది."

షహర్బాను నవ్వబోయింది, ఆయన మొగం చూసి ఆగింది. "ఏందప్పా ఇది! వచ్చేటప్పుడు కడుపుతో రావాల తల్లీ అని వీధి ఆడోళ్లమంతా ఒడి నింపి పంపితిమి కదప్పా!" అనింది. అని నాలుక కరుచుకుంది. ఇంట్లోకి పోయి తాళం చెవి తెచ్చిచ్చింది.

వారానికి గానీ సైదున్నీసా ఫోను రాలా. ఒబైద్ ఇంటినుంచి చేసింది. ములాఖాత్‌కు పోతే నువ్వు లేవని చెప్పినారంట. ఆడ్నే కింద కూలబడితే ఫాతిమున్నీసా లేపి తెచ్చుకుందంట.

"నువ్వు వచ్చెయ్" అన్నాడు హయాత్ బాషా. "అర్బాబ్‌ను అడుగు. నేనడిగినానని చెప్పు."

"అడిగినా. పని వీసా ముద్ర వేసేసినారు, రెండేండ్లు ఈడ్నే ఉండాలంట. ముసలామె నేను తప్ప ఎవరు ముద్ద పెట్టినా తినదంట, నువ్వు పోతే మా యమ్మ సచ్చిపోతుందని ఆయన ఏడుస్తాండాడు. నేనేమనాల చెప్పు? ఆయన మీద అరుద్దామంటే నోరు రావడంలా. అయినా వచ్చి ఏం తింటాం? నీకాడ పనేమన్నా దొరికిందా?"

దొరకలా. రెండు అంగళ్లు తిరిగినాడు, మిషన్లు ఇప్పుడెవరు బాగు చేయించుకుంటారు, కొత్తది కొనుక్కుంటారన్నారు.

"నేనే వస్తా ఉంటి సైదూ" అన్నాడు, "కంటి ఫోటో తీసుకున్నారు. ఇంగ నన్ను రానియ్యరు."

"తెలుసులే."

"రెండేండ్లకు నీకు నలభై దగ్గర పడతాది."

ఫోన్లో వెనక ముసలామె ఎవరినో పిలుస్తా ఉండె, "సైదా, సైదా" అని, ఇంట్లో మనిషిని పిలిచినట్టే.

"పిలుస్తాంది. పోవాల" అనింది సైదున్నీసా. "అన్నం వండుకున్యావా?"

"వండుకున్యా" అన్నాడు. పొయ్యి వెలిగించి రెండు రోజులయ్యింది.